బొమ్మ తీస్తారు సరే, సూది ఎక్కడ?

మన ఆడవాళ్ళకు బొమ్మ తీయించుకునే అవకాశం వచ్చింది. ఆ బొమ్మలో కనపడింది ఏమిటో తేల్చుకునే హక్కు మాత్రం ఇంకా రాలేదు. ఈ వారం మేము నిలదీస్తున్నది ఈ ఒక్క సంగతి గురించే.

అక్టోబరు వస్తే చాలు, విజయవాడ అంతా గులాబీ రంగు పులుముకుంటుంది. రిబ్బన్లు, పరుగులు, టీ షర్టులు, వేదిక మీద పెద్దలు, పక్కన ఫొటోగ్రాఫర్లు. రొమ్ము క్యాన్సర్ మీద అవగాహన అంటారు. మామోగ్రామ్ తీయించుకోండి, రాయితీ ఇస్తాం అంటారు. మంచిదే. మేము కాదనం. కానీ తీయించుకున్న తరువాత ఏమిటి? బొమ్మలో తెల్లటి చుక్కలు కనపడితే ఏమిటి? చేత్తో తడిమితే గడ్డ తగలదు. స్కానింగులో ఏమీ దొరకదు. ‘అనుమానంగా ఉంది, పెద్ద ఆస్పత్రికి వెళ్ళండి’ అని కాగితం చేతిలో పెడతారు. ఆ కాగితం పట్టుకుని కంకిపాడు ఆడపడుచు ఎక్కడికి పోవాలి? ఎన్ని బస్సులు మారాలి? ఎన్ని రోజుల కూలి పోగొట్టుకోవాలి? ఆ మాట చెప్పే ఫ్లెక్సీ ఒక్కటీ బందరు రోడ్డు మీద మాకు కనపడలేదు.

అవగాహన అంటే భయం పంచిపెట్టడం కాదు. భయాన్ని తేల్చే దారి కూడా చూపించాలి. దారి చూపించకుండా భయం మాత్రమే పంచితే దాన్ని సేవ అనరు, గిరాకీ అంటారు.

చివరి భూముల కథ

కృష్ణా డెల్టా వాళ్ళకు ఈ సంగతి వేరే విడమరిచి చెప్పనక్కర్లేదు. 1855లో ఆనకట్ట కట్టారు. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. బ్యారేజీ నిండుగా ఉంది గదా అని చివరి భూముల రైతును ఓదారిస్తే ఊరుకుంటాడా? ప్రధాన కాలువలో నీళ్ళు పారినంత మాత్రాన చేను తడవదు. తూము తెరవాలి. పంట బోదె పూడిక తీయాలి. చిట్టచివరి మడి దాకా నీరు నడవాలి. అప్పుడే దాన్ని సాగునీరు అంటాం.

వైద్యం కూడా అంతే. విజయవాడ సూర్యారావుపేటలో ఏ వీధిలో చూసినా ఆస్పత్రి బోర్డులే. బెంజి సర్కిల్ నుంచి కానూరు, పోరంకి, పెనమలూరు దాటి కంకిపాడు వచ్చేలోపు ఎన్ని ఆస్పత్రుల ప్రకటనలో లెక్కపెట్టలేం. ప్రధాన కాలువ నిండుగానే పారుతోంది. బోదెలోకి మాత్రం చుక్క దిగడం లేదు.

లెక్కలు చూద్దాం. 2022లో మన దేశంలో సుమారు 1 లక్షా 92 వేల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, సుమారు 98 వేల మంది ఈ జబ్బుతో చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. అంటే ఏడాదిలో కొత్తగా జబ్బు పడిన ప్రతి ఇద్దరికీ ఒక చావు. 2010-14 మధ్య జబ్బు బయటపడిన వాళ్ళలో ఐదేళ్ళు బతికిన వాళ్ళు అమెరికాలో నూటికి 90 మంది, మన దేశంలో 66 మంది. జబ్బు ఒకటే. మందులు కూడా చాలావరకు ఒకటే. తేడా ఎక్కడుంది? ఎప్పుడు కనుక్కున్నారన్న దగ్గర ఉంది. కనుక్కున్నాక ఎన్నాళ్ళకు తేల్చారన్న దగ్గర ఉంది. మొదలుపెట్టిన చికిత్స చివరిదాకా నడిచిందా లేదా అన్న దగ్గర ఉంది.

ఇదేదో ఉత్తరాది జబ్బు, పాశ్చాత్య జబ్బు అనుకునే వాళ్ళకు ఇంకో లెక్క. 2012-16 కాలానికి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కలు తీస్తే, రొమ్ము క్యాన్సర్ రేటులో దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలో మొదటి స్థానం హైదరాబాదుది. వయసు తేడాలు సర్దుబాటు చేశాక లక్ష మంది మహిళలకు 48. తెలుగు ఆడవాళ్ళ జబ్బు ఇది. పైగా మన దేశంలో ఇది పాశ్చాత్య దేశాలకంటే దాదాపు పదేళ్ళు ముందే వస్తోందని వైద్యులు చెబుతున్నారు. నలభై, నలభై ఐదేళ్ళ వయసు. పిల్లలు కాలేజీలో ఉండే వయసు. కౌలు చేను, పాడి గేదె, డ్వాక్రా అప్పు, అన్నీ నెత్తి మీద ఉండే వయసు.

ఏమిటీ యంత్రం?

రొమ్ములో గడ్డ చేతికి తగిలితే దాన్ని తేల్చడం పెద్ద కష్టం కాదు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో చిన్న ముక్క తీస్తారు. ల్యాబుకు పంపుతారు. చిక్కంతా చేతికి తగలని దానితోనే. కొన్ని క్యాన్సర్లు గడ్డ కట్టకముందే పాల నాళాల్లో సన్నటి సున్నపు రేణువులుగా కనపడతాయి. ఉప్పు రవ్వ చల్లినట్టుంటాయి. మామోగ్రామ్ ఎక్స్‌రేలో తప్ప ఇవి చాలాసార్లు ఇంకెక్కడా కనపడవు. ఇలాంటి రేణువులన్నీ క్యాన్సర్ కాదు. ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. అనుమానంగా ఉన్నవాటిలో ఏవి ప్రమాదమో, ఏవి కాదో ముక్క తీసి చూస్తే తప్ప తెలియదు. మరి కనపడని దానిలోకి సూది ఎలా పంపాలి?

దీనికి జవాబు 1970లలోనే స్వీడన్‌లో దొరికింది. బోటనవేలు ముఖం ముందు పెట్టి ఒక కన్ను మూసి చూడండి. తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వెనక ఉన్న తాటిచెట్టు పక్కకు జరిగినట్టు కనపడుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే చెట్టు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టొచ్చు. రొమ్మును కదలకుండా పట్టి ఉంచి, ఎడమ నుంచి 15 డిగ్రీలు, కుడి నుంచి 15 డిగ్రీల వాలుగా రెండు ఎక్స్‌రేలు తీస్తారు. చుక్క ఎంత జరిగిందో చూసి కంప్యూటరు దాని లోతు లెక్క కడుతుంది. సూది నేరుగా అక్కడికి వెళుతుంది. దీన్ని స్టీరియోటాక్టిక్ బయాప్సీ అంటారు. ఈ పరికరం గురించిన మొదటి వ్యాసాలు 1977లో వచ్చాయి. అంటే మన దేశంలో ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది.

దాని తర్వాతి మెట్టు త్రీడీ. టోమోసింథసిస్ అనే పద్ధతి. ఎక్స్‌రే గొట్టం రొమ్ము మీదుగా విల్లు ఆకారంలో కదులుతూ తక్కువ మోతాదులో వరసగా బొమ్మలు తీస్తుంది. కంప్యూటరు వాటిని కలిపి, రొట్టెను ముక్కలుగా కోసినట్టు, ఒక్కో మిల్లీమీటరు దూరంలో ఒక్కో పొరగా చూపిస్తుంది. మామూలు మామోగ్రామ్‌లో ఒకదాని మీద ఒకటి పడి దాక్కున్నవి పొరల్లో విడివిడిగా బయటపడతాయి. ఏ పొరలో చుక్క స్పష్టంగా ఉందో ఆ పొరే దాని లోతు. విడిగా లెక్క కట్టే పని లేదు. 2011 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఈ త్రీడీ మామోగ్రామ్ యంత్రానికి మొదటిసారి అనుమతి ఇచ్చింది. 2015లో జర్మనీలోని ఆహెన్ వైద్యులు ఒక పోలిక ప్రకటించారు. పాత స్టీరియో పద్ధతిలో నూటికి 93 సార్లు పని పూర్తయితే, త్రీడీ పద్ధతిలో తీసుకున్న 51 కేసుల్లో 51 పూర్తయ్యాయి. పాత పద్ధతిలో సగటున 29 నిమిషాలు పట్టింది, కొత్త పద్ధతిలో 13 నిమిషాలు.

పదమూడు నిమిషాలు! కంకిపాడు సెంటరులో బస్సు కోసం నిలబడే సేపు కూడా కాదు.

చేసే పని కూడా భయపడేది కాదు. ఆ చోటుకు మాత్రమే మత్తు ఇంజెక్షన్. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న సూది. లోపల గాలి పీల్చే ఏర్పాటు ఉండటం వల్ల ఒకసారి గుచ్చితే చాలు, చుట్టూ తిప్పి పలు ముక్కలు తీయొచ్చు. తీసిన ముక్కల్ని అక్కడే మళ్ళీ ఎక్స్‌రే తీసి సున్నపు రేణువులు వాటిలో వచ్చాయా లేదా చూస్తారు. తీసిన చోట గోధుమ గింజ కంటే చిన్న లోహపు గుర్తు ఒకటి వదులుతారు. రేపు ఆపరేషన్ అవసరమైతే సర్జన్‌కు అదే ఆనవాలు. కుట్లు లేవు, పట్టీ వేస్తారు. అదే రోజు ఇంటికి. ముక్కలో క్యాన్సర్ లేదని తేలితే? చాలామందికి ఆపరేషన్ గది మెట్లెక్కే పనే ఉండదు.

కోసి చూడటం కాదు, చూసి కోయాలి

ఈ సూది లేని చోట ఏమి జరుగుతోంది? కత్తి ఎత్తుతున్నారు. ‘ఎందుకమ్మా అనుమానం, గడ్డ తీసేస్తే పోయె’ అనే మాట మన జిల్లాలో వినని ఇల్లుందా? తీసేస్తారు. తీసిన ముక్క ల్యాబుకు వెళ్ళిందో లేదో అడిగే దిక్కు ఉండదు. నెల తర్వాత క్యాన్సర్ అని తెలుస్తుంది. అంచులు మిగిలిపోయాయంటారు. మళ్ళీ ఆపరేషన్. ముందే సూదితో తేల్చి ఉంటే ఒకే ఆపరేషన్‌తో పోయేది. కొందరికి ముందు మందులిచ్చి గడ్డ చిన్నదయ్యాక ఆపరేషన్ చేసి రొమ్ము నిలబెట్టే వీలుండేది. ఇంకో సంగతి. ఈ.ఆర్., పీ.ఆర్., హెర్-2 అనే మూడు పరీక్షలు ఆ చిన్న ముక్క మీదే చేస్తారు. మాత్రలు పనిచేస్తాయా, ట్రాస్టుజుమాబ్ లాంటి ఇంజెక్షన్ అవసరమా అన్నది వాటితోనే తేలుతుంది. ముక్క లేనిదే చికిత్సకు దిక్సూచి లేదు.

ఇదేమీ మన దగ్గరే పుట్టిన రోగం కాదు. అమెరికాలో 1970ల దాకా ఏమి చేసేవారో తెలుసా? ఆడమనిషికి పూర్తి మత్తు ఇచ్చేవారు. గడ్డ తీసి అక్కడికక్కడే చూసేవారు. క్యాన్సర్ అనిపిస్తే అదే మత్తులో రొమ్మంతా తీసేసేవారు. రొమ్ముతో లేస్తుందో లేకుండా లేస్తుందో ఆమెకు తెలియదు. ఆమెను అడిగిన వాడు లేడు. ఆ పద్ధతి మీద తిరగబడింది ఎవరనుకున్నారు? ఒక పత్రికా విలేఖరి. పేరు రోజ్ కుష్నర్. 1974లో ఆమెకే గడ్డ వచ్చింది. ‘ముందు బయాప్సీ చేయండి, తర్వాత ఏం చేయాలో నేను నిర్ణయించుకుంటా’ అన్నది ఆమె వాదన. సర్జన్ తర్వాత సర్జన్ కుదరదన్నారు. ఆమె ఊరుకోలేదు. పుస్తకం రాసింది, సభల్లో లేచి అడిగింది, పెద్ద పెద్ద డాక్టర్లకు కంట్లో నలుసయింది. చివరికి 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన నిపుణుల సంఘంలో ఆమె సామాన్య ప్రజల తరఫున కూర్చుంది. బయాప్సీ వేరు, ఆపరేషన్ వేరు, రెండూ రెండు మెట్లుగా జరగాలని ఆ సంఘం తేల్చింది.

చూశారా? ముందు సూది, తర్వాత కత్తి అనే నియమం కూడా పోరాడి తెచ్చుకున్నదే. ఎవరూ దయతలచి ఇవ్వలేదు. రాస్తారోకోలు చేసిన వాళ్ళకు, జైలు భోజనం తిన్న వాళ్ళకు ఈ మాట అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

‘విలాసం’ అనే వాళ్ళకు జవాబు

కొందరు పెద్దమనుషులు అంటారు: ‘మన దగ్గర ఆడవాళ్ళు నిమ్మకాయంత గడ్డ వచ్చాక గానీ డాక్టరు దగ్గరికి రారు. కంటికి కనపడని చుక్కల కోసం త్రీడీ యంత్రం విలాసం కాదా?’

ఈ వాదనలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని మేమే గట్టిగా చెబుతాం. ఊరూరా మామోగ్రామ్ పెట్టమని మేము అడగడం లేదు. ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళపాటు 1 లక్షా 51 వేల మందికి పైగా మహిళల మీద పరిశోధన చేశారు. యంత్రం లేదు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేశారు, అంతే. 2021లో ఫలితాలు ప్రకటించారు. జబ్బు ముందు దశలోనే బయటపడింది. యాభై దాటిన ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్ళలో అలాంటి తగ్గుదల కనపడలేదు. మన తెలుగు నేల మీద కూడా 2012-16 మధ్య డాక్టర్ రఘురామ్ నాయకత్వంలో ఉషాలక్ష్మి ఫౌండేషన్ వాళ్ళు పల్లెల్లో సుమారు 2 లక్షల మంది మహిళలకు చేతి పరీక్షలు చేయించారు. అంటే చేయొచ్చు. చేసి చూపించారు కూడా.

మరి ప్రభుత్వం? 30 నుంచి 65 ఏళ్ళ మహిళలందరికీ ఐదేళ్ళకోసారి చేతి పరీక్ష జరగాలని కేంద్రమే 2016లో మార్గదర్శకాలు రాసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిందేమిటి? 30-49 ఏళ్ళ మహిళల్లో జీవితంలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష జరిగిన వాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఒక్కరు కూడా లేరు. 0.9 శాతం! కాగితం మీద నూటికి నూరు, ఇంటి గడపలో నూటికి ఒకటి. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటికీ క్యాన్సర్ పరీక్షలు అని మళ్ళీ కార్యక్రమం మొదలుపెట్టింది. సంతోషం. ఆశా అక్క, ఏ.ఎన్.ఎం. గడప తొక్కారు. అనుమానం ఉందని రాశారు. అక్కడి నుంచి ఆ పేరు ఎక్కడికి పోయింది? ఎన్ని పేర్లకు సూది పరీక్ష జరిగింది? ఎన్ని రోజుల్లో జరిగింది? పరీక్షలు ఎన్ని లక్షలు చేశామన్నది గొప్ప కాదు. తేల్చినవి ఎన్ని అన్నదే లెక్క.

ఇక ఆ వాదనలోని రెండో సగం, అబద్ధపు సగం. యంత్రం విలాసం అయితే, ఈ ప్యాకేజీల పేరుతో మామోగ్రామ్ ఎవరు అమ్ముతున్నారు? బొమ్మ తీయడం విలాసం కాదట, బొమ్మలో కనపడ్డదాన్ని తేల్చడం మాత్రం విలాసమట! ఇదెక్కడి న్యాయం? బొమ్మ తీసే వాడికి సూది బాధ్యత కూడా ఉండాలి. తన దగ్గర లేకపోతే ఉన్న చోటుకు తేదీ రాసి, ఫిల్ము ఇచ్చి పంపాలి. వాహనం అమ్మి బ్రేకులు వేరే ఊళ్ళో కొనుక్కోమంటే ఒప్పుకుంటామా?

పైగా లెక్క వేసి చూడండి. ఈ త్రీడీ సూది అవసరమయ్యేది అందరికీ కాదు. చేతికి తగిలిన గడ్డలకు అల్ట్రాసౌండ్ సూది చాలు. ఎక్స్‌రేలో తప్ప కనపడని కొద్దిమందికే ఇది కావాలి. అందుకే ఊరికొకటి అక్కర్లేదు. కృష్ణా, ఎన్టీఆర్, ఏలూరు, గుంటూరు జిల్లాలకు కలిపి ప్రభుత్వ రంగంలో ఒక్క చోట నికరంగా పనిచేస్తే చాలు. ఒక్కటి! దానికి కూడా డబ్బు లేదంటే నమ్మడానికి మేము నిన్న పుట్టలేదు.

పేర్ల మీద పోటీ, పని మీద మౌనం

పాలకులకు తీరిక లేదా? ఉంది. విజయవాడలో 1986లో పుట్టిన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఒక పేరు తీసి ఇంకో పేరు పెట్టారు. 2024లో ఆ పేరు తీసి మళ్ళీ పాత పేరు పెట్టారు. రెండుసార్లూ అసెంబ్లీలో బిల్లులు. రెండుసార్లూ ఆవేశాలు, ప్రసంగాలు. మహనీయుల పేర్ల మీద మాకు గౌరవం ఉంది. కానీ ఆ పేర్ల కోసం అరిచిన గొంతుల్లో సగమైనా రొమ్ము బయాప్సీ ఎన్ని రోజుల్లో జరగాలన్న ప్రశ్న కోసం లేచి ఉంటే ఎన్ని తల్లుల ప్రాణాలు నిలబడేవి?

కంకిపాడు సంగతే చూడండి. ఒకప్పుడు అసెంబ్లీ నియోజకవర్గం. పునర్విభజనలో ఆ పేరు పోయి 2009 ఎన్నికల నాటికి పెనమలూరు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు కూతవేటు దూరంలోని విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది. కంకిపాడు మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. రిఫరల్ కాగితం పడమటికా తూర్పుకా? జబ్బుకు జిల్లా సరిహద్దు తెలియదు. గుమస్తాకు మాత్రం బాగా తెలుసు.

రాష్ట్రం చీలిక కూడా ఈ కథలో ఉంది. 1955లో మొదలైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి, 2000లో మొదలైన బసవతారకం ఆస్పత్రి, నిమ్స్, అన్నీ హైదరాబాదులోనే పెరిగాయి. ఉన్నదంతా ఒక్క చోట పోగేయడం ఎంత ప్రమాదమో 2014 జూన్ 2 అందరికీ నేర్పింది. మరి ఆ తర్వాత నేర్చుకున్నామా? హైదరాబాదు పోయి విజయవాడ వచ్చింది, గుంటూరు వచ్చింది, మంగళగిరి వచ్చింది. కేంద్రీకరణ ఊరు మారింది, బుద్ధి మారలేదు. 2023లో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. కళాశాల అంటే తరగతి గదులు, సీట్ల లెక్కలు మాత్రమే కాదు. రొమ్ము గడ్డతో వచ్చిన మనిషికి వారంలో సమాధానం చెప్పగలిగితేనే అది బోధనాసుపత్రి.

మన కృష్ణా జిల్లా మంటాడలో పుట్టిన నోరి దత్తాత్రేయుడు న్యూయార్క్‌లో క్యాన్సర్ వైద్యంలో పేరు మోసిన డాక్టరు అయ్యారు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఆయన్ని క్యాన్సర్ వైద్యానికి సలహాదారుగా పెట్టుకుంది. మంటాడ తెలివి న్యూయార్క్ దాకా పోయింది. న్యూయార్క్ సూది మంటాడ దాకా రాలేదా? సలహాదారుల్ని పెట్టుకోవడం తేలిక. సలహాను బడ్జెట్ పద్దుగా మార్చడమే పరిపాలన.

ఆరోగ్యశ్రీ ఉంది గదా అంటారు. ఉంది. 2007లో మొదలైన నాటి నుంచి ఎంతోమంది పేదలకు ఆపరేషన్లు, కీమో చేయించింది. ఆ మేలు ఎవరూ కాదనలేరు. కానీ దాని నిర్మాణమంతా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల జాబితా చుట్టూ అల్లింది. జబ్బు ముదిరాక లక్షలు ఇవ్వడానికి సిద్ధపడే వ్యవస్థ, ముదరకముందే తేల్చడానికి సూది ఎందుకు ఇవ్వదు? మంట అంటుకున్నాక ఫైరింజన్ పంపి, పొగ వచ్చినప్పుడు తలుపు తీయనట్టు లేదూ?

మా డిమాండ్లు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మూడు అంకెలు చెప్పింది. 60, 60, 80. నూటికి 60 కేసులైనా మొదటి రెండు దశల్లో బయటపడాలి. అనుమానంతో వచ్చిన మనిషికి 60 రోజుల లోపు నిర్ధారణ పూర్తికావాలి. నూటికి 80 మంది చికిత్స చివరిదాకా పూర్తిచేయాలి. ఈ అంకెలు మేము కనిపెట్టినవి కావు. ఇవే మా కొలబద్ద.

ఒకటి: సూది పరీక్ష చేయకుండా రొమ్ము గడ్డ మీద కత్తి పెట్టకూడదన్న నియమాన్ని ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నిటికీ రాతపూర్వకంగా ఇవ్వాలి. సూది కుదరని కేసులకు కారణం రాయాలి.

రెండు: కంకిపాడు, ఉయ్యూరు వైపు నుంచి వచ్చే ఆడవాళ్ళకు అల్ట్రాసౌండ్ సూది పరీక్ష దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రిలో వారంలో రెండు రోజులైనా ఖచ్చితంగా జరగాలి.

మూడు: ఎక్స్‌రేలో మాత్రమే కనపడే కేసుల కోసం త్రీడీ బయాప్సీ సదుపాయం డెల్టా జిల్లాలకు కలిపి ప్రభుత్వ రంగంలో ఉచితంగా అందాలి. యంత్రం ఒక్కటే కొని రిబ్బను కత్తిరిస్తే కుదరదు. ఒకసారి వాడి పారేసే సూదులకు, మరమ్మతులకు, శిక్షణ పొందిన రేడియాలజిస్టుకు, టెక్నీషియన్‌కు, ముక్క చదివే పాథాలజిస్టుకు ఏటా డబ్బు కేటాయించాలి. సూదులు లేని యంత్రం గదిలో దుప్పటి కప్పుకుని నిద్రపోతుంది.

నాలుగు: మామోగ్రామ్ తీసే ప్రతి కేంద్రం బయాప్సీ ఎక్కడ, ఏ ధరకు జరుగుతుందో గోడ మీద తెలుగులో రాసిపెట్టాలి. రాయలేకపోతే బొమ్మ తీయడం మానుకోవాలి.

అయిదు: జిల్లా సరిహద్దుతో పని లేకుండా దగ్గరి ఆస్పత్రికే రిఫర్ చేయాలి. పోయి వచ్చే చార్జీలు ఇవ్వాలి.

మిత్రులకు ఒక మాట

విద్యార్థి మిత్రులారా, 2005 సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. పది రూపాయల రుసుము, ఒక తెల్లకాగితం. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. నాలుగు ప్రశ్నలు వేయండి. గత ఏడాది ఎన్ని మామోగ్రామ్‌లు తీశారు? వాటిలో ఎన్నిటికి బయాప్సీ అవసరమని రాశారు? ఎన్నిటికి జరిగింది? మొదటి రోజు నుంచి రిపోర్టు చేతికి వచ్చే దాకా ఎన్ని రోజులు పట్టింది? ఈ నాలుగు అంకెలు బయటికి వస్తే నలభై ఉపన్యాసాల పని జరుగుతుంది. వచ్చిన జవాబులు మాకు పంపండి, ఉన్నదున్నట్టు అచ్చువేస్తాం.

ఉద్యోగ మిత్రులారా, పీఆర్‌సీ కోసం, డీఏ కోసం సంఘాలు ఎలా కదులుతాయో మాకు తెలుసు. మీ హెల్త్ కార్డు చర్చల్లో ఈ సూదిని ఒక అంశంగా పెట్టండి. టీచరమ్మలు, నర్సులు, అంగన్‌వాడీ అక్కలు, ఆశాలు, మీ సంఘాల మహాసభల్లో తీర్మానం చేయండి. మీరు గడప గడపకూ మోసే రిజిస్టరులో ‘అనుమానం’ అనే గడి పక్కన ‘తేల్చిన తేదీ’ అనే గడి కూడా ఉండాలని అడగండి.

ఉద్యమ నాయకులకు కూడా ఒక మాట. వంటావార్పులో రోడ్డు మీద పొయ్యి వెలిగించేది ఎవరు? ఊరేగింపులో ముందు వరసలో నడిచేది ఎవరు? లాఠీ దెబ్బ తిన్నవాడికి కట్టు కట్టేది ఎవరు? ఆడవాళ్ళ దేహం మీద మాట్లాడటానికి సిగ్గుపడే ఉద్యమం సగం ఉద్యమమే. నీటి వాటా, ఉద్యోగాల వాటా, నిధుల వాటా అడిగినంత గట్టిగానే తల్లుల ప్రాణాల వాటా అడగాలి.

చివరగా ఇళ్ళల్లో పాతుకుపోయిన ఒక అబద్ధం గురించి. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందంటారు. పాకదు. దశాబ్దాలుగా ప్రపంచమంతా క్యాన్సర్ వైద్యం మొదలుపెట్టేదే సూది పరీక్షతో. పాకేది సూది వల్ల కాదు, ఆలస్యం వల్ల. ఆ ఆలస్యంలో కొంత భాగం మన భయానిది. దాన్ని మనం వదిలించుకుందాం. మిగతాదంతా పాలకుల నిర్లక్ష్యానిది. దాన్ని వాళ్ళచేత వదిలిద్దాం. మండల మీటింగుకు ఎమ్మెల్యే వచ్చినా, మంత్రి వచ్చినా, పూలదండ వేయకముందు అడగండి: సూది ఎక్కడ? ఎప్పటికి వస్తుంది? తేదీ చెప్పండి.